గ్రహాలెన్ని? చేతులెత్తండి, లెక్క తేల్చేద్దాం

సౌర కుటుంబంలో గ్రహాలెన్ని అని ఎవరైనా అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. ముందు అడిగినవాళ్ళ వయసెంతో చూసుకోండి. 2006కు ముందే బడి చదువు అయిపోయినవాళ్ళు తొమ్మిది అంటారు, అనడమే కాదు, ఆ తొమ్మిదోది, అంటే ప్లూటో, వాళ్ళ తాతల నాటి ఆస్తి అన్నట్టు కొట్లాటకు దిగుతారు. ఆ తర్వాత చదువుకున్నవాళ్ళు ఎనిమిది అని ఠక్కున చెప్పేసి, పెద్దవాళ్ళ వైపు జాలిగా చూస్తారు. ఈ రెండు వర్గాలకీ రాజీ కుదర్చడం నా పని కాదు. ముందే చెప్పేస్తున్నా, నాది అధికార పక్షం. అంటే ఐఏయూ, అంతర్జాతీయ ఖగోళ సంఘం పక్షం. ఆకాశంలో ఏది ఏమిటో తేల్చే అధికారం ఎవరో ఒకరి చేతిలో ఉండాలి కదండీ, లేకపోతే కనబడిన ప్రతి గుండ్రాయీ నేనూ గ్రహాన్నే అంటూ బయల్దేరుతుంది.

ఎనిమిది అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తెలీదు. ఎవరో టెలిస్కోపులోంచి చూసి ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టారనుకుంటారు పాపం. అదేం కాదు, ఓటేసి తేల్చారు. 2006 ఆగస్టు 24, ప్రాగ్ నగరం, ఐఏయూ మహాసభల ఆఖరి రోజు, మధ్యాహ్నం పూట. సంఘానికి అప్పటికి దాదాపు పదివేల మంది సభ్యులు, వాళ్ళలో ప్రాగ్ దాకా వచ్చినవాళ్ళు రెండున్నర వేల వరకూ ఉంటారు, అయితే ఆఖరి రోజంటే తెలుసుగా, సగం మంది పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళలో సగం మంది సర్దుకుంటున్నారు. హాల్లో పసుపు రంగు కార్డు పట్టుకుని కూర్చున్నది నాలుగు వందల పైచిలుకు. 450 కోట్ల ఏళ్ళ నుంచి తిరుగుతున్న సౌర కుటుంబం జనాభా లెక్క, రైలు టైమైపోతోందని గడియారం చూసుకోకుండా ఆగిన ఆ నాలుగు వందల మంది చేతుల్లో పడింది. దీన్ని తప్పు పట్టేవాళ్ళున్నారు. నేను పట్టను. సమావేశం చివరిదాకా కూర్చునేవాళ్ళే ప్రపంచాన్ని నడుపుతారని పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఆ రోజు చర్చ నడిపించింది జోసెలిన్ బెల్ బర్నెల్. 1967లో పల్సార్లను, అంటే తాళం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాలను, మొదట పట్టుకున్నది ఆవిడే, 1974లో దానికి నోబెల్ వచ్చింది మాత్రం ఆవిడ గురువుగారికి. కమిటీలు ఎవరిని లోపలికి రానిస్తాయో, ఎవరిని బయట నిలబెడతాయో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. తీర్మానాల భాష అర్థం కాక జనం బుర్ర గోక్కుంటుంటే ఆవిడ ఒక గొడుగు తెచ్చి విప్పి చూపించారు. గొడుగంటే గ్రహం అనే మాట, దాని కింద పెద్ద గ్రహాలూ, మరుగుజ్జు గ్రహాలూ (గుండ్రంగా ఉన్నా గ్రహం పరీక్షలో తప్పినవి) రెండూ ఉండొచ్చా అన్నది ప్రశ్న. ప్లూటో తరఫున ఒక బొమ్మ కుక్కపిల్ల కూడా హాజరైంది, అవును, ఆ కార్టూన్ కుక్కే. ప్రపంచంలోని అగ్రశ్రేణి శాస్త్రవేత్తలు గొడుగునీ బొమ్మనీ చూస్తూ పసుపు కార్డులు ఎత్తారు. గొడుగు తీర్మానానికి 91 ఓట్లే పడ్డాయి, అవతలి వైపు చేతులు చూడగానే లెక్కపెట్టడం అనవసరం అనుకున్నారు. గొడుగు మడిచేశారు. ఇక ప్లూటోని మరుగుజ్జు గ్రహాల జాబితాలో వేసి, నెప్ట్యూన్ అవతలి సరుకుకు దాన్ని నమూనాగా పెట్టే తీర్మానం 237 - 157తో నెగ్గింది. 17 మంది తటస్థంగా ఉండిపోయారు. ప్లూటో విషయంలో తటస్థంగా ఉండటానికి అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన ఆ పదిహేడు మంది మీద నాకు అపారమైన గౌరవం. ఆ నమూనా సరుకుకు ప్లూటో పేరు కలిసేలా ఒక పేరు పెడదామన్న ఇంకో తీర్మానం 183 - 186తో, అంటే మూడే మూడు ఓట్ల తేడాతో పోయింది.

ఇంతకీ సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఆగస్టు 16న, ఇదే సంఘం బయటపెట్టిన ముసాయిదాలో గ్రహాలు పన్నెండు. ఓవెన్ గింగెరిచ్ అనే చరిత్రకారుడి అధ్యక్షతన ఏడుగురు కూర్చుని తయారు చేసిన పత్రమది. నక్షత్రం చుట్టూ తిరగాలి, సొంత గురుత్వాకర్షణతో గుండ్రంగా తయారయ్యేంత బరువుండాలి, ఇంకేం అడగం అన్నారు. దాంతో పాత తొమ్మిదింటికి తోడు కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే సెరెస్, ప్లూటో అవతల అప్పుడే దొరికిన కొత్త శాల్తీ ఒకటి, చివరికి ప్లూటో చందమామ అయిన కేరన్ కూడా గ్రహాల జాబితాలో ఎక్కాయి. కేరన్ ఎందుకంటే, అదీ ప్లూటో కలిసి తిరిగే కేంద్ర బిందువు ప్లూటో లోపల లేదు, రెండింటి మధ్య ఖాళీలో ఉంది. కాబట్టి అది సేవకుడు కాదు, భాగస్వామి అన్నమాట. తర్కం బాగానే ఉంది గానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. మన చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మననుంచి దూరం జరుగుతున్నాడు. భూమీ చంద్రుడూ కలిసి తిరిగే కేంద్రం ఇప్పటికి భూమి లోపలే, నేల నుంచి దాదాపు 1,700 కిలోమీటర్ల లోతున ఉంది. ఈ లెక్కన ఇంకొన్ని వందల కోట్ల ఏళ్ళకి అది భూమి బయటికి వచ్చేస్తుంది. ఆ ముసాయిదాయే నెగ్గి ఉంటే, ఆ రోజు తెల్లారేసరికి చంద్రుడు ప్రమోషన్ మీద గ్రహమైపోయేవాడు, ఎవరూ సంతకం పెట్టకుండానే. ఆటోమేటిక్ ప్రమోషన్లు ఎంత ప్రమాదమో తెలిసినవాళ్ళెవరూ దానికి ఒప్పుకోరు. ఒప్పుకోలేదు కూడా.

వారం రోజుల్లో పన్నెండు ఎనిమిదైంది. ఈ వారంలో ఆకాశంలో ఏదీ పేలలేదు, దేన్నీ ఏదీ మింగలేదు. కాగితం మారింది, అంతే.

ఇలా కాగితం మారడం కొత్తేమీ కాదు. పాతకాలం గ్రీకుల లెక్కలో గ్రహాలు ఏడు, అందులో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, భూమి లేదు. 1543లో కోపర్నికస్ పుస్తకంతో సూర్యుణ్ణి జాబితాలోంచి తీసి మధ్యలో కూర్చోబెట్టారు, చంద్రుడికి హోదా తగ్గించారు, భూమిని కొత్తగా చేర్చారు. 1610లో గెలీలియో గురుడి చుట్టూ నాలుగు చుక్కలు చూసి వాటిని కూడా గ్రహాలనే రాసి, తన పోషకులైన మెదిచీ కుటుంబం పేరు వాటికి అంటించేశాడు. 1781 మార్చి 13న విలియం హెర్షెల్ యురేనస్‌ని చూసి తోకచుక్క అనుకున్నాడు, కాదు గ్రహమే అని తేలాక ఇంగ్లండు రాజు జార్జి పేరు పెట్టబోయాడు. గ్రహాలకి పోషకుల పేర్లు పెట్టే ఆ మంచి సంప్రదాయం నిలబడలేదు. నిలబడి ఉంటే ఇవాళ గ్రహాల జాబితా విరాళాల శిలాఫలకంలా ఉండేది.

అసలు గమ్మత్తంతా 1801 నుంచి. ఆ ఏడు జనవరి 1న, కొత్త శతాబ్దం మొదటి రాత్రి, పలెర్మోలో జుసెప్పే పియాజ్జి సెరెస్‌ని పట్టుకున్నాడు. కుజుడికీ గురుడికీ మధ్య ఖాళీగా ఉన్న సీటు భర్తీ అయిందని అందరూ సంబరపడ్డారు. మరుసటి ఏడే పల్లాస్ దొరికింది. 1804లో జూనో, 1807లో వెస్టా. ఒక్క సీటుకి నలుగురు. అయినా పెద్దమనుషులు సర్దుకుపోయారు, పాఠ్యపుస్తకాల్లో నలుగురినీ గ్రహాలుగానే వేశారు. 1845లో ఆస్ట్రియా దొరికింది, దేశం కాదు లెండి, ఇంకో రాయి. 1846లో నెప్ట్యూన్. ఆ రోజున లెక్క చూసుకుంటే గ్రహాలు పదమూడు. 1847లో ఒక్క ఏడాదే ఇంకో మూడు రాళ్ళు దొరికేసరికి పదహారయ్యాయి. పిల్లలు బట్టీ పట్టలేరు, ప్రతిదానికీ గీసే గుర్తులు సరిపోవడం లేదు. 1850లకల్లా ఖగోళవేత్తలు వాటికి గుర్తులు మానేసి వరస నంబర్లు వేయడం మొదలుపెట్టి, గ్రహశకలాలు అని వేరే పెట్టెలో పడేశారు. ఈ సౌర కుటుంబంలో గ్రహాల సంఖ్యకి అసలు పరిమితి గురుత్వాకర్షణ కాదు, బట్టీ. పదిహేను దాటితే ఎవరికీ గుర్తుండదు, గుర్తుండనిది గ్రహం కాదు. ఇప్పుడా గ్రహశకలాల లెక్క పది లక్షలు దాటింది.

గమనించాల్సింది ఏమిటంటే, సెరెస్‌ని దించినప్పుడు ఒక్కడూ ఏడవలేదు. గ్రహం హోదాలో నాలుగైదు దశాబ్దాలు వెలిగిన మనిషిని (మనిషి కాదనుకోండి) నంబరు 1 అని రాసి పక్కన పెట్టేస్తే పలెర్మోలో ఊరేగింపు తీయలేదు, చిన్నపిల్లలు ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. పాపం దానికి కార్టూన్ కుక్క లేదు.

ఇక అసలు పార్టీ దగ్గరికి వద్దాం. ప్లూటో ఫైలు మొదటి పేజీ నుంచీ చదివితే, దాన్ని తీసేయడం అన్యాయమా కాదా అన్న ప్రశ్న కంటే ముందు, అసలు ఉద్యోగం ఎలా ఇచ్చారన్న ప్రశ్న వస్తుంది. పెర్సివల్ లోవెల్ అనే డబ్బున్న ఆసామి నెప్ట్యూన్ అవతల భూమికి ఆరేడు రెట్ల బరువున్న గ్రహం ఒకటి ఉండి తీరాలని లెక్కలు వేసి, తన సొంత అబ్జర్వేటరీలో వెతికి వెతికి 1916లో పోయాడు. ఆ ఖాళీని భర్తీ చేసే పని, అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో, పొలం పనుల నుంచి వచ్చిన క్లైడ్ టాంబో అనే కుర్రాడి మీద పడింది. ఈ కుర్రాడి పని చూడండి. ఆకాశంలో ఒకే ముక్కని కొన్ని రోజుల తేడాతో రెండు గాజు పలకల మీద ఫొటో తీయాలి, ఆ రెండింటినీ ఒక యంత్రంలో పెట్టి, ఇది ఒకసారి, అది ఒకసారి, టక్కు టక్కుమని మార్చుకుంటూ, లక్షలాది చుక్కల్లో ఏ చుక్క గంతేసిందో పట్టుకోవాలి. జనవరి 23నా 29నా తీసిన పలకల్ని 1930 ఫిబ్రవరి 18న చూస్తుంటే, మిథున రాశి నక్షత్రాల మధ్య ఒక మసక చుక్క కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ గెంతింది. అంతే, అదే ప్లూటో. ఇప్పటి కుర్రాళ్ళు ఫోన్లో రెండు నిమిషాల వీడియో కూడా పూర్తిగా చూడరు, ఆయన నెలల తరబడి చుక్కలు చూశాడు. ఈ వ్యాసంలో నేను వెటకారం చేయలేని మనిషి ఈయనొక్కడే.

వెటకారం చేయాల్సింది ఆ తర్వాత జరిగినదాన్ని. దొరికిన సంగతి మార్చి 13న ప్రకటించారు, అది లోవెల్ పుట్టినరోజు, యురేనస్ దొరికిన రోజు కూడా. ఇంగ్లండులో పదకొండేళ్ళ వెనీషియా బర్నీ సూచించిన పేరు పెట్టారు. ముహూర్తం చూశారు, పేరు చూశారు, బరువు మాత్రం చూడలేదు. లోవెల్ గారి అబ్జర్వేటరీలో లోవెల్ గారి గ్రహమే దొరికింది కాబట్టి అది లోవెల్ గారి లెక్క ప్రకారమే ఉంటుందని అనుకున్నారు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ లేకుండా నేరుగా పర్మనెంట్ పోస్టు.

తర్వాత సర్టిఫికెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1930లలో అంచనా, సుమారు ఒక భూమి అంత. 1940ల చివరికి, భూమిలో పదో వంతు. 1976కి నూరో వంతుకి దిగింది. 1978లో జేమ్స్ క్రిస్టీ కేరన్‌ని కనిపెట్టడంతో ఇక దొంగలెక్కలకి తావు లేకుండా పోయింది, ఎందుకంటే చుట్టూ తిరిగేది ఒకటి ఉంటే దాని వేగాన్ని బట్టి అసలుదాని బరువు ఎంతో తెలిసిపోతుంది. చూస్తే భూమిలో ఐదు వందల వంతు కూడా అంతంతమాత్రం. సొంత చందమామే వచ్చి సాక్ష్యం చెప్పి కొంప ముంచడమంటే ఇదే. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత, ఇక్కడ కొండ కూడా లేదు, ఎందుకంటే తర్వాత చూసుకుంటే యురేనస్ దారిలో లోవెల్ చూసిన తేడాలకి నెప్ట్యూన్ బరువు సరిగ్గా తెలియకపోవడమే కారణమని తేలింది. 1980లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ తగ్గుతున్న అంచనాలన్నీ ఒక గ్రాఫు మీద పెట్టి గీత గీసి, ఈ లెక్కన 1984కల్లా ప్లూటో బరువు సున్నా అయి మాయమైపోతుందని ఒక పేపరే అచ్చేశారు. సరదాకి రాశారు. కానీ గీత చాలా చక్కగా కుదిరింది.

ఇప్పటి కొలత ప్రకారం ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు. మన చందమామ 3,474. గురుడి చుట్టూ తిరిగే గానిమీడ్ 5,268, అది బుధుడి కంటే పెద్దది. గానిమీడ్ గ్రహం కాదు, ఎందుకంటే అది గురుడి చుట్టూ తిరుగుతుంది. ప్రతిభ ఉంటే సరిపోదు, ఎవరి చుట్టూ తిరుగుతున్నావన్నది ముఖ్యం. ఖగోళ శాస్త్రం నేర్పే పాఠాల్లో ఇది నాకు అన్నిటికంటే నచ్చింది.

అయినా ప్లూటోని అలాగే ఉంచేసేవాళ్ళు, డెబ్భై ఏళ్ళు ఉంచారు కూడా. దానికి మూడింది ఎవరి వల్లంటే 1992 నుంచి దొరుకుతూ వచ్చిన చుట్టాల వల్ల. ఆ ఏడు డేవిడ్ జెవిట్, జేన్ లూ అనే ఇద్దరు ప్లూటో అవతలి చీకట్లో ఒక చిన్న మంచు ముద్దని పట్టుకున్నారు. ఆ తర్వాత వందలు, వేలు. 2005 జనవరిలో మైక్ బ్రౌన్ అనే ఖగోళవేత్త బృందం ఇంకో పెద్దదాన్ని పట్టుకుంది, ఆ ముసాయిదాలో ఎక్కిన కొత్త శాల్తీ ఇదే. అప్పుడు ప్లూటో కంటే పెద్దదనుకున్నారు, ఇప్పుడు తేలిందేమంటే వ్యాసం కాస్త తక్కువే, 2,326 కిలోమీటర్లు, కానీ బరువు మాత్రం ప్లూటో కంటే పాతిక శాతానికి పైగానే ఎక్కువ. ప్లూటో గ్రహమైతే దీన్ని కాదనడానికి కారణం లేదు, దీన్ని ఒప్పుకుంటే వెనక క్యూలో ఎంతమంది ఉన్నారో తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వచ్చిన కొత్తదాన్ని ఏమీ అనలేక ఉన్నదాన్ని పీకేశారు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. ఓటింగు అయ్యాక సెప్టెంబరులో ఆ కొత్తదానికి ఈరిస్ అని పేరు పెట్టారు, గ్రీకు కథల్లో తగువుల దేవత. దాని చందమామకి డిస్నోమియా, అంటే అరాచకం. ఐఏయూకి హాస్యం తెలీదని ఎవరన్నారు?

ఆ నెలలోనే ప్లూటోకి 134340 అని గ్రహశకలాల రిజిస్టర్లో నంబరు కూడా పడింది. షోకాజ్ నోటీసు లేదు, వివరణ అడగలేదు, పెన్షను లేదు. పైగా ప్లూటోకి సూర్యుడి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తి కావడానికి 248 ఏళ్ళు పడుతుంది, అంటే దాని క్యాలెండర్ ప్రకారం 1930లో ఉద్యోగంలో చేరి, నాలుగు నెలలు కూడా నిండకుండానే ఇంటికి వెళ్ళింది. ప్రొబేషన్ కూడా పూర్తవలేదు. అసలు గ్రహపాటంటే అదీ.

ఇంకా విచిత్రం, ఆ ఏడు జనవరి 19నే న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో వైపు బయల్దేరింది, లోపల టాంబో చితాభస్మం కొంచెం పెట్టుకుని. బయల్దేరినప్పుడు గ్రహం దగ్గరికి, దారిలో ఉండగా చిరునామా మారిపోయింది. 2015 జూలై 14న వెళ్ళి చూస్తే అక్కడ నత్రజని మంచు మైదానాలు, మంచినీళ్ళు గడ్డకట్టి ఏర్పడ్డ మూడున్నర వేల మీటర్ల కొండలు, నీలం పొగమంచు, చుట్టూ ఐదు చందమామలు. బుధుడి దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. బుధుడు గ్రహం. ప్రశ్నలు వేయకండి.

ఇప్పుడు రూలు గురించి చెప్పుకోవాలి. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, ఈ రెండూ ప్లూటో పాసైంది. మూడోది, తన దారి చుట్టుపక్కల శుభ్రం చేసుకుని ఉండాలి. ఇక్కడే ఫెయిల్. శుభ్రం అంటే ఎంత శుభ్రం? తీర్మానంలో రాయలేదు. చుట్టుపక్కల అంటే ఎంత దూరం? అదీ రాయలేదు. గురుడి దారిలో ట్రోజన్లని, మనకి తెలిసినవే పదివేలకు పైగా రాళ్ళు తిరుగుతున్నాయి. భూమికి దగ్గరగా వచ్చిపోయే గ్రహశకలాలు ముప్పై వేలు దాటాయి. నెప్ట్యూన్ దారినైతే ప్లూటోయే దాటుతుంది, 1979 నుంచి 1999 దాకా నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది కూడా. ప్లూటోని ఊడ్చేయలేని నెప్ట్యూన్ గ్రహమే, నెప్ట్యూన్‌ని ఊడ్చేయలేని ప్లూటో కాదు. న్యూ హొరైజన్స్ పెద్ద ఆలన్ స్టెర్న్ ఈ మాట మీద ఇప్పటికీ కోపంగానే ఉన్నాడు.

అధికార పక్షం కాబట్టి ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. రూలు రాసిన తీరు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, దాని వెనకున్న ఆలోచన గట్టిదే. 2006లోనే స్టీవెన్ సోటర్ అనే ఆయన ఒక లెక్క వేశాడు, ఎవరి దారిలో మిగిలిన సరుకంతా కలిపితే దానికి వీళ్ళ బరువు ఎన్ని రెట్లు అని. భూమి సుమారు పదిహేడు లక్షల రెట్లు. ఎనిమిదింటిలో అన్నిటికీ వేలూ లక్షలే వచ్చాయి. ప్లూటోకి? పదో వంతు కూడా రాలేదు. అంటే దారిలో మిగతా చెత్తే దానికంటే ఎంతో బరువు. ఎనిమిదికీ మిగతావాటికీ మధ్య గీత ఎవరో గీసింది కాదు, అక్కడ నిజంగానే పెద్ద అగాధం ఉంది. ఈ అంకెల్ని తీర్మానంలో పెట్టి ఉంటే సగం గొడవ తప్పేది. కానీ అంకెలు పెడితే ఓటింగు ఎందుకు, ఓటింగు లేకపోతే పసుపు కార్డులు ఎందుకు?

ఇక ఐఏయూ తీర్పుని అమెరికా చట్టసభలు అంత తేలిగ్గా వదల్లేదు. ఓటింగు జరిగిన రోజే కాలిఫోర్నియా అసెంబ్లీలో ఒక తీర్మానం ప్రవేశపెట్టారు, ప్లూటో హోదా తగ్గించడం వల్ల విశ్వంలో తమ స్థానమేమిటా అని ఆలోచించే కొందరు కాలిఫోర్నియా వాసులకి మానసిక క్షోభ కలుగుతుందని. వేళాకోళానికే అనుకోండి. న్యూ మెక్సికో వాళ్ళు వేళాకోళం చేయలేదు. 2007లో వాళ్ళ ప్రతినిధుల సభ, మా రాష్ట్రపు అద్భుతమైన రాత్రి ఆకాశం మీదుగా వెళ్తున్నప్పుడు ప్లూటో గ్రహమేనని ప్రకటించింది, మార్చి 13ని ప్లూటో గ్రహ దినం చేసింది. టాంబో ఉద్యోగం చేసి స్థిరపడింది అక్కడే మరి. 2009లో ఇల్లినాయ్ సెనెట్ కూడా తమ ఆకాశంలో దాని హోదా పునరుద్ధరించింది, ఎందుకంటే టాంబో పుట్టింది అక్కడ. 2024లో అరిజోనా ప్లూటోని రాష్ట్ర అధికారిక గ్రహంగా చట్టం చేసింది, ఎందుకంటే దొరికింది అక్కడ. పుట్టినచోటు, దొరికినచోటు, స్థిరపడినచోటు, ముగ్గురూ వాటా తీసుకున్నారు.

దీని న్యాయపరమైన పర్యవసానాలు ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఈ చట్టాల ప్రకారం ప్లూటో ఇల్లినాయ్ మీద ఉన్నంతసేపూ గ్రహం, సరిహద్దు దాటగానే మరుగుజ్జు, న్యూ మెక్సికోలోకి రాగానే మళ్ళీ గ్రహం. రోజూ ఇదే తంతు. దాని మానసిక క్షోభ గురించి కాలిఫోర్నియా వాళ్ళు ఏమన్నా ఆలోచిస్తే బాగుండేది. పైగా ప్లూటోని కంటితో చూడటం అసాధ్యం, మంచి టెలిస్కోపు కావాలి, అంటే ఈ చట్టాలు చేసిన సభ్యుల్లో ఎందరు తమ అధికారిక గ్రహాన్ని చూసి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఐఏయూ రూలు ఇంకో పని కూడా చేసింది, అది సూర్యుడి గడప దాటదు. ఆ తీర్మానం మన సౌర కుటుంబానికే. వేరే నక్షత్రాల చుట్టూ ఇప్పటికి ఆరు వేలకు పైగా గ్రహాలు దొరికాయి, వాటి సంగతికి వేరే తాత్కాలిక నిర్వచనం. 1995లో అలాంటి మొదటిదాన్ని సూర్యుడిలాంటి నక్షత్రం దగ్గర పట్టుకున్న మేయర్, కెలోలకి 2019లో నోబెల్ కూడా ఇచ్చారు. ఆ వేలాది గ్రహాల్లో దేని దారి శుభ్రంగా ఉందో చూసి రావడం మనవల్ల కాదు కాబట్టి వాటిని మనం నమ్మాం. దూరపు చుట్టాలకి ఎప్పుడూ కాస్త మర్యాద ఎక్కువే.

మరోపక్క, దారి సంగతి మాకెందుకు, వస్తువు ఎలా ఉందో చూడండి అనే శాస్త్రవేత్తలు కొందరున్నారు. గుండ్రంగా ఉండి, నక్షత్రం కాకపోతే చాలు, గ్రహమే అని 2017లో ప్రతిపాదించారు. వాళ్ళ లెక్కన మన సౌర కుటుంబంలో గ్రహాలు 110 దాకా వస్తాయి, చందమామతో సహా. బట్టీ పరిమితి గురించి పైన చెప్పాను కదా. ఈ ప్రతిపాదన ఓడిపోవడానికి ఖగోళ శాస్త్రం అక్కర్లేదు, ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులు చాలు.

ఇక చివరిది, తొమ్మిదో సీటు. అది ఖాళీగా ఉంటే కొందరికి నిద్రపట్టదు. అంకెల్లో గ్రహం చూసి ఆకాశంలో వెతకడం ఒక్కోసారి ఫలిస్తుంది, ఫ్రాన్సులో లెవెరియె లెక్క వేసి ఇక్కడ చూడండి అంటే 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలే చూశాడు, నెప్ట్యూన్ అక్కడే ఉంది. ఆ ఊపులో లెవెరియె బుధుడి నడకలో తేడా చూసి, సూర్యుడికి బుధుడికి మధ్య ఇంకో గ్రహం ఉందని 1859లో చెప్పి దానికి వల్కన్ అని పేరు పెట్టించాడు. పల్లెటూరి డాక్టరు ఒకాయన నేను చూశానన్నాడు. ఆయన తన పరిశీలనల లెక్కలు చెక్కపలకల మీద రాసుకుని, నిండగానే చిత్రిక పట్టి మళ్ళీ రాసుకునేవాడట, అయినా ఆయనకి ఫ్రాన్సు అత్యున్నత గౌరవాల్లో ఒకటి ఇచ్చేశారు. వల్కన్ మాత్రం లేదు. 1915లో ఐన్‌స్టైన్ కొత్త సిద్ధాంతంతో, శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఆ తేడా సూర్యుడి దగ్గర స్థలమే వంగడం వల్ల వస్తోందని తేలింది. డాక్టరు గారి పతకం వెనక్కి తీసుకోలేదు. ప్లూటోని మాత్రం తీసేశారు, అది నిజంగా ఉంది కూడా.

ఇప్పుడు మళ్ళీ అదే ఆట మొదలైంది. 2016 జనవరిలో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు, దూరపు మంచు ముద్దల దారులు ఒకే వైపు ఒరిగి ఉన్నాయి కాబట్టి, భూమికి పదిరెట్ల దాకా బరువున్న గ్రహం ఒకటి అవతలెక్కడో ఉండి ఉంటుందని లెక్క వేశారు. ఒకాయన కాన్‌స్టాంటిన్ బాటిగిన్, రెండో ఆయన మైక్ బ్రౌన్. అవును, ఆ మైక్ బ్రౌనే, ఈరిస్‌ని తెచ్చి ప్లూటో సీటు ఖాళీ చేయించిన ఆయన. ఇంతవరకూ దొరకలేదు. చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ 2025లో కళ్ళు తెరిచింది, అది పట్టుకుంటుందని ఆశ. దొరికిన రోజు మాత్రం నేను అధికార పక్షం తరఫున గేటు దగ్గరే నిలబడతాను. సూర్యుడి చుట్టూ తిరుగుతోందా, మంచిది. గుండ్రంగా ఉందా, మంచిది. పది, ఇరవై వేల ఏళ్ళకి ఒకసారి తిరిగే ఆ దారంతా శుభ్రంగా ఉందని ధ్రువపత్రం ఏదీ? బ్రౌన్ గారు, మీరు వెళ్ళి ఊడ్చి, ఫొటోలు తీసుకుని, మూడు కాపీలు జతచేసి, వచ్చే మహాసభల ఆఖరి రోజు మధ్యాహ్నానికి తీసుకురండి.